జీవరత్నం మాస్టారి మూడో మెట్టు

మా పక్కింట్లో శనివారం సాయంత్రాలు నల్లద్రాక్ష ఉడకబెడతారు. మర్నాడు వాళ్ళ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెతో పాటు ఇవ్వడానికి. కాయలు చిట్లి తొక్క ఊడే వేళకి తీపీ పులుపూ కలిసిన ఒక చిక్కటి వాసన వంటింటి కిటికీలోంచి మా ఇంట్లోకి వస్తుంది. నూజివీడులో ఈ ఇంటికి మారిన కొత్తలో పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది, "మీకూ ఓ సీసా పంపమంటారా అండీ, పిల్లలు ఇష్టంగా తాగుతారు" అని. వద్దన్నాను. ఆవిడ ఏమనుకుందో తెలీదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నేను కిటికీ మూసేస్తాను. అది మా అమ్మ చివరి ఆరేళ్ళూ దూరం నుంచి పీల్చి, నోట పెట్టుకోలేకపోయిన రసం వాసన. ఆమెని దానికి అలా దూరం పెట్టిన మనిషి నాకు చదువు చెప్పిన గురువు. నేను ఈ రోజు ఏ సంగతి ఆలోచించినా ఆయన నేర్పిన దారిలోనే ఆలోచిస్తాను. అదే నా బాధ.

జీవరత్నం మాస్టారు నాకు ఇంటర్లో సివిక్స్ చెప్పారు. నూజివీడులో మూడు గదుల ప్రైవేటు కాలేజీ మాది. చింతలపూడి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి ఆయన. బక్కగా, పొడుగ్గా ఉండేవారు. ఎండాకాలంలో కూడా చొక్కా పైగుండీ పెట్టుకుని సైకిలు మీద వచ్చేవారు. పుస్తకం చూసి పాఠం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. మొదటి రోజు క్లాసుకి వచ్చి బోర్డు మీద మూడు మెట్లు గీశారు. గీసి మా వైపు తిరిగి, "దారిలో తోట ఉంది. కంచె పక్కన రసం మామిడిపండు రాలి పడి ఉంది. ఎందుకు తీయవు?" అని ముందు బెంచీ కుర్రాణ్ణి అడిగారు. "కాపలావాడు కొడతాడండి" అన్నాడు వాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వకుండా మొదటి మెట్టు మీద 'భయం' అని రాశారు. "కాపలావాడు లేడనుకో?" "ఎవరైనా చూస్తే పంచాయతీ పెడతారండి." రెండో మెట్టు మీద 'చట్టం' అని రాశారు. "కాపలా లేదు, పంచాయతీ లేదు, చూసేవాళ్ళూ లేరు. అప్పుడు?" క్లాసంతా ఊరుకుంది. నాకు సమాధానం తెలిసి కాదు, ఆ నిశ్శబ్దం భరించలేక, "అది నాది కాదు కదండీ" అన్నాను. ఆయన సుద్దముక్క పట్టుకునే నా వైపు తిరిగారు. "ఏ ఊరమ్మా నీది?" అని అడిగారు.

రాజ్యాలు భయంలో పుడతాయనీ, చట్టంతో నిలబడతాయనీ, జనం తమని తాము ఏలుకోగలిగిన రోజున పెద్దవవుతాయనీ ఆయన రెండేళ్ళ పాఠంలో మాకు చెప్పింది ఇంతే. మిగతా సిలబసంతా ఈ మూడు మెట్ల చుట్టూనే తిరిగేది. మాలాంటి పిల్లలకి అది మామూలు సంగతి కాదు. మా అమ్మానాన్నలు తోటల్లో కాయ కోసి, ఏరి, గడ్డి పరిచి బుట్టలకెత్తే మనుషులు. మేము భయపడాల్సిన వాళ్ళ పేర్లు చెప్పి పెంచారుగాని, భయం అనేది ఒక మెట్టనీ దాన్ని దాటి పోవచ్చనీ మాకెవరూ చెప్పలేదు.

మా ఊరు ముసునూరు పక్కన. ఊరి పేరు చెప్పగానే ఆయన మొహం విప్పారింది. ఆదివారం ఆదివారం ఆయన వచ్చేది మా ఊరికే. తోటల అంచున ఒక రేకుల షెడ్డులో ముప్ఫై నలభై మంది ప్రార్థనకి కూడేవారు. జీతం తీసుకునే పాస్టరు లేడు. సంఘ పెద్దలే వాక్యం చెప్పి, వాళ్ళే రొట్టె విరిచి పంచేవారు. ఆ పెద్దల్లో మాస్టారే పెద్ద. నేను చదువు మీద మోజుతో వెళ్ళాను, అమ్మ నేను ఏమైపోతానో చూద్దామని నా వెనక వచ్చింది. వచ్చినదల్లా నాకంటే ముందే నమ్మింది. ఆరు నెలలు చివర చాప మీద కూర్చుని విని, ఒక పొద్దున కాలవలో బాప్తిస్మం తీసుకుంది. కోటమ్మ కరుణమ్మ అయింది. కానీ మాస్టారితో సహా అందరూ కోటమ్మ అనే పిలిచేవారు. నాన్న సంఘంలోకి రాలేదు, అమ్మని ఆపనూ లేదు.

షెడ్డులో కూడా మాస్టారు ఆ మూడు మెట్లే చెప్పేవారు. కాలేజీలో రాజ్యం అన్నచోట ఇక్కడ ఆత్మ అనేవారు. కొరడాకి వెరిచి దేవుడి ముందు నిలబడ్డవాడు బానిస. ఆజ్ఞలు లెక్కబెట్టుకుంటూ బతికేవాడు పనివాడు. ఇంట్లో ఏది ఎందుకుందో తెలిసి, ఎవరూ చెప్పకుండానే దాన్ని కాపాడుకునేవాడు కొడుకు. దేశమైనా మనిషైనా ఎదగడమంటే బయట ఉన్న చట్టం లోపలికి రావడమే అనేవారు. ఆయన గొంతు పెద్దది కాదు. ఆఖరు వాక్యం దగ్గర ఇంకా తగ్గించేవారు, మేము ముందుకి వంగి వినేవాళ్ళం. ఒకసారి ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ అడిగింది, "ఆ మూడో మెట్టు ఎక్కినోళ్ళని నువ్వు చూశావా?" అని.

"మాస్టారు లేరా?" అన్నాను.

"ఎక్కారో లేదో ఆయనకెట్టా తెలుస్తుంది?" అంది. మా అమ్మకి ఇలాంటి పిచ్చి సందేహాలు వస్తాయని నవ్వుకున్నాను.

నేను డిగ్రీలో చేరిన ఏడాది, సంఘానికి ఒక నియమావళి ఉండాలని మాస్టారు నిర్ణయించుకున్నారు. నా దస్తూరీ బాగుంటుందని నన్ను రాయమన్నారు. నూజివీడులో వాళ్ళింటి వరండాలో రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఆయన అటూ ఇటూ నడుస్తూ చెబుతుంటే నేను తెల్లకాగితం మీద రాశాను. ఆడవాళ్ళకీ ఓటు ఉండాలి. పెద్దలు మూడేళ్ళకోసారి సభ్యుల ముందు నిలబడి మళ్ళీ ఒప్పుదల తీసుకోవాలి. ఎవరినైనా సరే, అందరి ముందు వాళ్ళ మాట వినకుండా రొట్టె బల్లకి దూరం చేయకూడదు. ఈ మూడోదాన్ని ఆయన రెండుసార్లు మార్చి చెప్పారు. ఒకసారి 'వినకుండా' అని, మళ్ళీ 'పూర్తిగా వినకుండా' అని. "అధికారం చేతిలో ఉన్నవాడికి తొందరెక్కువమ్మా. ఈ ఒక్క వాక్యం వాడి చెయ్యి పట్టుకుని ఆపుతుంది" అన్నారు.

"మీరుండగా ఇదంతా ఎందుకండీ?" అన్నాను.

"నేనున్నాను కాబట్టే" అన్నారు ఆయన.

ఆ మాట విని నేను కలం పక్కన పెట్టేసి ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. ఇంతకంటే గొప్ప మనిషిని నా జీవితంలో చూడననుకున్నాను. ఇప్పటికీ ఆ సాయంత్రం ఆయన అబద్ధం ఆడారని నేననుకోను. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అలా అనగలిగిన మనిషి కాబట్టే తర్వాత చేసింది నాకు మింగుడు పడలేదు.

సంఘ పెద్దల్లో ఆనందరావు గారని ఇంకొకాయన ఉండేవారు. తోటలు గుత్తకి తీసుకుని కాయ బయటి రాష్ట్రాలకి పంపేవారు. షెడ్డు వేసిన స్థలం ఆయనదే. మా అమ్మా ఇంకో పదిమంది ఆడవాళ్ళూ ఆయన దగ్గరే కాయ ఏరే పనికి వెళ్ళేవారు. ఒక సీజనులో లారీ తొందరని చెప్పి ఆయన వరసగా రెండు ఆదివారాలు వాళ్ళని పనికి రమ్మన్నారు. ప్రార్థనకి వెళ్ళాలన్న వాళ్ళని కసురుకున్నారు. అప్పుడు మా అమ్మ కాయల రాశి ముందు కూర్చునే, చెయ్యి ఆపకుండా, "ఆదివారం దేవుడిదని షెడ్డులో చెప్పేదీ ఆయనే, లారీదని ఇక్కడ చెప్పేదీ ఆయనే" అంది. ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిన పడింది.

మరుసటి నెలలో చాట్రాయిలో మా మేనమామ కూతురి పెళ్ళి. వాళ్ళది పాత పద్ధతి. అమ్మ పెళ్ళికూతురికి ఒక్కగానొక్క మేనత్త. నలుగు పెట్టింది, బొట్టు పెట్టింది. అక్కడి ఆడవాళ్ళు ఎప్పటిలాగే అమ్మ నుదుటా పెట్టారు. అమ్మ అది తుడుచుకోలేదు. పెళ్ళింట్లో తుడుచుకుంటే పిల్లకి అపశకునమని వాళ్ళు ఏడుస్తారని ఊరుకున్నానని నాతో తర్వాత చెప్పింది. తిరుగు బస్సులో ఆనందరావు గారి భార్య అమ్మని ఆ బొట్టుతో చూసింది. ఆ సంగతి ఎవరెవరి నోట ఎలా తిరిగిందో తెలీదు.

పెళ్ళయ్యాక వచ్చిన ఆదివారం నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. మాస్టారు ప్రార్థన చేసి రొట్టె విరిచారు. పళ్ళెం చాపల వరస వెంబడి చేతులు మారుతూ వచ్చింది. మా వరసకి వచ్చేసరికి మాస్టారే నడిచి వచ్చి పళ్ళెం తన చేతిలోకి తీసుకున్నారు. చెయ్యి చాపిన మా అమ్మని దాటించి, నా ముందు పెట్టారు. ద్రాక్షారసం గిన్నె కూడా అలాగే దాటింది. అమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. నా చేతిలో రొట్టె ముక్క ఉంది. ఏం చెయ్యాలో తెలియక తినేశాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను గాని, తినేశానన్నది నిజం. ఆరాధన అయ్యాక ఆయన లేచి, "విగ్రహారాధన సంబంధమైన క్రియలో పాలు పొందినందుకు సహోదరి కోటమ్మ సంఘం ముందు ఒప్పుకుని పశ్చాత్తాపపడే వరకు బల్లకి దూరంగా ఉంటుంది" అని కాగితం చూసి చదివారు. నాకు తెలిసి ఆయన కాగితం చూసి చదివింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అదే వరండా. మాస్టారి భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి, మా మొహాలు చూసి లోపలికి వెళ్ళిపోయారు. "అమ్మని ఒక్క మాట అడగలేదు కదండీ" అన్నాను.

"అడిగితే అందరి ముందూ వాదిస్తుంది. ఆనందరావు తనవాళ్ళతో బయటికి పోతాడు. సంఘం రెండవుతుంది. ఒక్క మనిషి నొచ్చుకోవడమా, సంఘం చీలడమా?" అన్నారు.

"రాజ్యం కోసం ఒక మనిషిని బలిపెట్టవచ్చనే వాదం తప్పని మీరే చెప్పారు. రెండు పీరియడ్లు చెప్పారు."

"అది రాజ్యం సంగతి."

"రెండూ ఒకటేనని కదండీ ఇన్నాళ్ళూ చెప్పింది? నియమావళిలో ఉంది. నేనే రాశాను."

ఆయన నన్ను చూసి జాలిపడ్డట్టు నవ్వారు. "సుజాతా, నియమాలు ఇంకా ఎదగనివాళ్ళ కోసం. కొంత దూరం వచ్చాక ఏది చెయ్యాలో ప్రభువు లోపలే చెబుతాడు. నేను రాత్రంతా ప్రార్థన చేశాను. నీకూ ఒకరోజు అర్థమవుతుంది" అన్నారు.

నాకు అక్కడే అర్థమైంది, ఆయన అన్న అర్థంలో కాదు. మాస్టారు ఎప్పుడో ఒకప్పుడు, ఎవరికీ చెప్పకుండా, తనని తాను మూడో మెట్టు మీద నిలబెట్టుకున్నారు. చట్టం లోపలికి వచ్చేసిందని నమ్మినవాడికి బయట కాగితం మీద ఉన్న చట్టం కనిపించదు. ప్రజల పేరుతో గద్దెనెక్కి, ప్రజలకేం కావాలో తమకే తెలుసునని వాళ్ళని అడగడం మానేసిన నాయకుల గురించి ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పారు. వాళ్ళలో ఒక్కడూ చెడ్డవాడిగా మొదలవలేదని కూడా చెప్పారు. భక్తిలోనూ ఆ గొయ్యి ఉందని, అదీ సరిగ్గా ఎత్తైన చోటే ఉందని ఆయన పాఠంలో లేదు. ఆ పాఠం నేను ఆయన్ని చూసి నేర్చుకోవాల్సి వచ్చింది. సభ్యుల కూటంలో లేచి నిలబడి నియమావళి చదవమని అడిగాను. అది ముగిసిన విషయమన్నారు ఆయన. నాతో పాటు చెయ్యెత్తినవాళ్ళు లేరు. కాయల రాశి దగ్గర నవ్విన ఆడవాళ్ళు కూడా చాప మీద గీతలు చూస్తూ కూర్చున్నారు. నేను ఆ షెడ్డుకి వెళ్ళడం మానేశాను.

అమ్మ మానలేదు. శనివారం వెళ్ళి ఎప్పటిలాగే షెడ్డు ఊడ్చి చాపలు దులిపి వచ్చేది. ఆదివారం పాటలు పాడేది, వాక్యం వినేది, రొట్టె విరిచే వేళకి లేచి బయట అరుగు మీద కూర్చునేది. అయ్యాక మళ్ళీ లోపలికి వెళ్ళేది. నూజివీడులో ఇంకో గుడికి తీసుకెళ్తానంటే రానంది. పోనీ ఆ ఒక్క మాటా ఒప్పేసుకోమని నేనే ఒకసారి విసుక్కున్నాను.

"నా అన్న కూతురికి బొట్టు పెట్టాను. దేవుణ్ణేం మార్చుకోలా. అడిగితే ఆ మాటే చెప్పేదాన్ని, తప్పంటే తలొంచుకునేదాన్ని. అడక్కుండా రాసేసుకున్నాక ఇంక నేను చెప్పేదేంటి?" అంది.

"మరి ఎందుకు వెళ్తావు?"

"ఆయన కోసమా నేను వెళ్ళేది?" అంది అమ్మ. ఆరేళ్ళు అలాగే వెళ్ళింది. ఆరేళ్ళూ మాస్టారు అరుగు మీద ఉన్న ఆమెను దాటి లోపలికి వెళ్ళారు, దాటి బయటికి వచ్చారు. 'బాగున్నావా కోటమ్మా' అని పలకరించేవారట. 'బాగున్నానయ్యా' అనేదట.

అమ్మ కామెర్లతో పోయింది. సంఘంవాళ్ళంతా వచ్చారు. సమాధి దగ్గర ప్రార్థన మాస్టారే చేశారు. గొంతు తగ్గించి, ఈ తల్లి భయాన్ని దాటింది, ఆజ్ఞని దాటింది, కుమార్తెగా తన తండ్రి ఇంటికి వెళ్ళిందన్నారు. మూడో మెట్టు ఎక్కినవాళ్ళు లోకంలో కొద్దిమందే ఉంటారని, వాళ్ళలో కోటమ్మ ఒకతె అనీ అన్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి. దొంగ ఏడుపైతే నేను తట్టుకునేదాన్ని. బతికుండగా ఒక రొట్టె ముక్క ఇవ్వని మనిషి మట్టి వేసేముందు ఇంత పొగడ్త ఇచ్చి, అది తన మంచితనమని నమ్ముతూ నా తల మీద చెయ్యి పెట్టారు. నేను తల పక్కకి తీసుకున్నాను. తర్వాత ఏడేళ్ళు మా మధ్య మాట లేదు. ఆ లోపు నేను ఎం.ఏ. చేసి, ఆయన రిటైరైన అదే కాలేజీలో అదే సివిక్స్ చెప్పడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. సైకిలు లేదు, నడిచి వచ్చారు. చొక్కా పైగుండీ ఊడిపోయి ఉంది. మంచినీళ్ళిచ్చి కూర్చోమన్నాను. చాలాసేపు తడబడ్డాక సంగతి చెప్పారు. ఆనందరావు గారు ఎవరో కుర్ర బోధకుణ్ణి తీసుకొచ్చారట. షెడ్డు తీసేసి స్లాబు వేస్తున్నారట. మాస్టారి బోధలో తేడా ఉందనీ, లోక జ్ఞానాన్ని వాక్యంలో కలుపుతున్నారనీ ఆయన్ని పెద్దరికం నుంచీ బల్ల నుంచీ తీసేయబోతున్నారట. ఆయనకి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

"ఆదివారం పదిన్నరకి కూటం. వాళ్ళు నియమావళి అనేదే లేదంటున్నారమ్మా. నువ్వొచ్చి, ఉంది, నేనే రాశాను అని ఒక్క మాట చెబితే చాలు. నా మాట వినమని చెప్పు. విన్నాక తీసేస్తే తీసేశారు" అన్నారు. ఆయన అమ్మ పేరెత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. మర్చిపోయి కాదనుకుంటాను.

"ఆదివారం నాకు పరీక్ష డ్యూటీ ఉందండి" అన్నాను.

ఆయన ముప్ఫై ఏళ్ళు ఆ కాలేజీలో పనిచేసిన మనిషి. ఆ నెలలో ఆదివారం పరీక్షలుండవని ఆయనకి తెలుసు. తల ఊపి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, "సరేనమ్మా" అని లేచారు. గేటు దాకా వెళ్ళాను. ఇంకేమీ అడగలేదు ఆయన. ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. పదిన్నర అవుతుండగా కర్టెన్లన్నీ ఊడదీసి నానబెట్టాను. ఒంటిగంట దాకా ఉతికాను. ఆయన మాట వినకుండానే తీసేశారని మర్నాడు స్టాఫ్ రూములో ఎవరో చెప్పారు. నాకు ఆనందం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. ఏడాది తిరక్కుండా ఆయన చింతలపూడిలో కూతురింట్లో పోయారు. నేను వెళ్ళలేదు.

అమ్మని ఆమె మాట వినకుండా శిక్షించినవారు మాస్టారు. మాస్టారిని ఆయన మాట వినకుండా శిక్షించినవాళ్ళు ఆనందరావు గారి మనుషులని ఊళ్ళో అంటారు. నేనూ అలాగే అనగలిగితే బాగుండేది. ఆయన నా వాకిట్లో నిలబడి వినమనే అడిగారు, ఇంకేమీ అడగలేదు. నాకూ ఆయనకిలాగే లోపల్నుంచి ఒక గొంతు, నువ్వు చేసేది న్యాయమే అని చాలా స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు కాలేజీలో క్రమశిక్షణ కమిటీకి నన్నే పెట్టారు. ఏ పిల్ల మీద, ఏ పిల్లాడి మీద ఫిర్యాదు వచ్చినా ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాను. వాళ్ళు చెప్పేది అబద్ధమని తెలుస్తున్నా ఆఖరు దాకా వింటాను. తోటి లెక్చరర్లు విసుక్కుంటారు, బెల్లు కొట్టినా వదలరు మేడమ్ అంటారు. ఇంత ఓపిక ఎవరు నేర్పారండీ అని మొన్న కొత్తగా చేరినమ్మాయి అడిగింది. మా సివిక్స్ సారు అన్నాను. ఆయన గురించి చెప్పమంది. గొప్పగా పాఠం చెప్పేవారన్నాను. ఆయన దగ్గర ఎప్పుడు నేర్చుకున్నారు, ఇంటర్లోనా అని అడిగింది. నేను టేబుల్ మీది కాగితాలు సర్దుతూ, తర్వాతి పీరియడు ఎవరిదని అడిగాను.